మాచమ్మకు సన్మానం

ఏనుగులు కూడా దారి తప్పేంత పెద్ద అడవిలో ఒకే ఒక ఆసుపత్రి ఉండేది. ఎలుగుబంటి జాంబయ్య డాక్టరు, కొండముచ్చు మాచమ్మ నర్సు. మిగతా సిబ్బంది ఎవరంటారా, వాళ్ళూ ఈ ఇద్దరే.

ఆ వేసవిలో ఆసుపత్రి పక్క వాగు ఎండిపోయింది. నీళ్ళు కావాలంటే కొండ దిగి మడుగులో ముంచుకురావాలి. మాచమ్మ కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళొచ్చేసరికి ఒక రోగి మంచం మీంచి పడిపోయేవాడు, ఇంకొకడు మందు ఉమ్మేసేవాడు. కట్టు కట్టాలన్నా ఆమే, పడక మీద గడ్డి మార్చాలన్నా ఆమే. ఒకరోజు కుండ దించి అక్కడే కూలబడింది.

"ఇంక నా వల్ల కాదండీ," అంది డాక్టరుతో, ఏడుపు ఆపుకుంటూ.

జాంబయ్య ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. అధ్యక్షుడు నెమలి, పింఛారావుగారు. ఇంటికొకరు వంతులవారీగా వచ్చి నీళ్ళు మోస్తే చాలని, మాచమ్మ మానేస్తే ఆసుపత్రి మూతపడుతుందని డాక్టరు చెప్పుకున్నాడు.

పింఛారావుగారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు. సిబ్బందికి ప్రోత్సాహం కరువైందని ఆయనకు అర్థమైంది. కమిటీ కూర్చుని ఏకగ్రీవంగా సన్మానం తీర్మానించింది. ఏనుగు గజపతి నీళ్ళ సంగతి ఎత్తబోతే, ముందు సభ కానివ్వమన్నారు.

సభ రోజు పొద్దున్నే ఒక లేడి, వాంతులూ విరేచనాలతో వడిలిపోయిన పిల్లను తీసుకొచ్చింది. గుక్క గుక్కగా నీళ్ళు పట్టమని తల్లికి చెప్పి, తాను సభకు రానని మాచమ్మ మొరాయించింది. కమిటీవాళ్ళు వింటేగా. డాక్టర్నీ ఆమెనీ మేళతాళాలతో తీసుకెళ్ళి వేదిక ఎక్కించారు.

దండలు గడ్డం దాకా వచ్చాయి. శాలువాలో ఉడికిపోతూ మాచమ్మ ఆసుపత్రి వైపే చూస్తూ కూర్చుంది. కుండలో నీళ్ళు ఎంత అడుక్కు ఉన్నాయో ఆమెకు తెలుసు. పింఛారావుగారు మాత్రం ఆమె త్యాగాన్ని ఇంకా సగం కూడా పొగడలేదు. ప్రసంగం రక్తికట్టి ఆయన పురి విప్పారు. అదే సమయానికి ఎదురుగాలి లేచింది. ఆయన వెనక్కీ వెనక్కీ జరుగుతూ వేదిక మీంచి కింద పడ్డారు. కాలు విరిగింది.

సభంతా కలిసి ఆయన్ను ఆసుపత్రికి మోసుకొచ్చింది. అక్కడ కుండ ఖాళీ. లేడిపిల్ల కళ్ళు తేలేస్తోంది. మాచమ్మ దండలు తెంపి పారేసి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"అధ్యక్షుణ్ణమ్మా, ముందు నన్ను చూడు," అని మూలిగారు పింఛారావుగారు.

"నీళ్ళు తెచ్చేవాళ్ళుంటే ఇద్దర్నీ చూస్తానండీ," అంది మాచమ్మ తలెత్తకుండా.

గజపతి కుండను తొండంతో అందుకుని కొండ దిగాడు. అతని వెనకే అడవిపందులు, దుప్పులు, కోతులు మడుగు దాకా బారు తీరాయి. పొద్దు వాలేలోగా లేడిపిల్ల లేచి తల్లి పొదుగు వెతుక్కుంది. అప్పుడుగానీ మాచమ్మ గోడకు చేరగిలబడలేదు.

కాలు అతుక్కునేదాకా పింఛారావుగారు అక్కడే పడుకున్నారు. మర్నాటినుంచి కుండ మళ్ళీ మాచమ్మ నెత్తికే ఎక్కింది. ఆమె ఒక్కతే ఇంతమందిని ఎలా చూసుకుంటోందో కళ్ళారా చూశారు, దాహమేసి పిలిస్తే ఎవరూ పలక్కపోవడం ఎలా ఉంటుందో అనుభవించారు. మంచం మీంచే తీర్మానం చేయించారు: ఇంటికొకరు వంతుకు రావాలి, మొదటి వంతు అధ్యక్షుడి ఇంటిదే. ఇప్పుడు మాచమ్మ మధ్యాహ్నం పూట కూర్చుని అన్నం తింటోంది.

ఇందులో నీతి ఏమిటంటే, ఆసుపత్రి బాగుపడాలంటే మంచి డాక్టరు, మంచి నర్సు ఉంటే చాలదు, కమిటీ అధ్యక్షుడికి ఒకసారి కాలు విరగాలి.