లిఫ్టులో ఉక్కునౌక

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకోండి. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదవండి.

ఆస్పత్రిలో పెద్ద సిస్టరుకు ఆ రోజు ఆఖరి డ్యూటీ. సాయంత్రం ఓ దండ వేసి, టీ ఇచ్చి పంపిద్దామనుకున్నారు. ఆవిడ వెనకాల అందరూ ఉక్కునౌక అనేవారు. పూర్వం కర్ర ఓడలకు ఇనుపరేకులు తొడిగి యుద్ధానికి పంపేవారనీ, ఫిరంగి గుండ్లు వాటికి తగిలి జారిపోయేవనీ ఆ పేరు పెట్టిన స్టోరు గుమాస్తా చెప్పేవాడు. ఆవిడ దగ్గరా సిఫారసులు అలాగే జారిపోయేవి. మాసిన దుప్పటి మీద రోగిని పడుకోబెడితే పెద్ద డాక్టరునైనా నిలబెట్టి అడిగేది.

కొత్తగా వచ్చిన వెల్డరు అది బిరుదనుకున్నాడు. ఆవిడ దిగిపోయేలోగా సరే అంటేనే అతని ఉద్యోగం ఖాయం. మంచి చేసుకుందామని, మనిషి పొడవున ఇనుప ఓడ చేసి, పక్కన ఆ పేరు చెక్కి, పొద్దున్నే స్ట్రెచరు మీద తోసుకొచ్చాడు.

అది చూసి గుమాస్తా పరుగున వచ్చాడు. "తమ్ముడూ, ఇది ఆవిడ కంటపడితే నీ ఉద్యోగం ఊడినట్టే. నాదీనూ," అని ఓడ మీద దుప్పటి కప్పి, దాచే చోటు వెతకడానికి అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అటుగా వచ్చిన అటెండరు, ఎవరో పోయారనుకుని పెద్ద సిస్టరుకు కబురు చేశాడు.

దిక్కులేకుండా మనిషిని వరండాలో వదిలేస్తారా అని ఆవిడ మండిపడింది. శవాలగదికి చేర్చాలని స్ట్రెచరును తనే లిఫ్టులోకి తోసుకెళ్ళింది. ఆ బరువుకు లిఫ్టు రెండంతస్తుల మధ్య మూలిగి ఆగిపోయింది.

వెల్డరు గడ్డపారతో తలుపు తెరిచేసరికి మెట్ల నిండా జనం. లోపల దుప్పటి మడతపెట్టి ఉంది. ఆవిడ ఓడ అంచు వెంట వేలితో తడుముతోంది.

"ఎవరు అతికారిది?"

"నేనేనమ్మా," అన్నాడు వెల్డరు నేల చూస్తూ.

"ఒక్క చోట కూడా చేతికి గరుకు తగల్లేదు. పిల్లల వార్డులో మంచాలు గీసుకుని రోజూ ఎవడో ఒకడు ఏడుస్తున్నాడు. రేపట్నుంచి అవి నువ్వే చూసుకో, నాయనా. నీ సంగతి ఆఫీసులో చెప్పే వెళ్తాను."

తర్వాత గుమాస్తా వైపు తిరిగింది. "ఈ పేరు పదేళ్ళుగా గోడల వెనక వింటున్నాను. మొహం మీద అనే ధైర్యం ఇతనొక్కడికే ఉందన్నమాట."

ఓడను మెట్ల మీదుగా దింపే పని మాత్రం గుమాస్తాకే పడింది.

– లాండ్రీ అత్త, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు ఆస్పత్రి వెనక వీధిలో, మేడమీద గదిలో ఉంటున్నాను.