ముసురులో మూడు ఫ్యాన్ల కార్డు

ఆ ఆదివారం ప్రమీలమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. పదకొండింటికి కొరియర్ భూమేష్ వస్తాడు, కొడుకు రంజిత్ కంప్యూటర్ ఆటల కోసం తెప్పించిన గ్రాఫిక్స్ కార్డును వాపసు తీసుకుపోతాడు, ఆమె కూర్చుని బీడీలు చేసుకుంటుంది. రంజిత్ లెక్క ఇంకా చిన్నది. కార్డు పోకూడదు. పన్నెండింటికి ఆన్‌లైన్ టోర్నమెంట్ ఫైనల్ ఉంది. బోధన్‌లో ఉండే దోస్తు బెన్‌హర్, తను కలిసి ఒక టీము. పాత కార్డుతో ఆడితే శత్రువు తెరమీద కనబడేసరికి రంజిత్ చచ్చిపోయి అర నిమిషం అయ్యేది.

"మూడు ఫ్యాన్లున్నయంటివి. ఒక్కదాని గాలన్న తగుల్తలేదు," అంది ప్రమీలమ్మ.

"అవ్వా, గవి మనకు కాదు. లోపట చిప్పు వేడెక్కుతది, దాన్ని సల్లగ చేస్తయి."

"వేడెక్కేదాన్ని కొనుడెందుకు, సల్లగ చేసుడెందుకు? తీసి డబ్బల పెట్టు."

నిజామాబాద్‌లో నాలుగు రోజులుగా ముసురు. చాటలో నిన్నటి బీడీలు మెత్తబడి ఉన్నాయి. బీడీల కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే తుకారాం ఒక్కో బీడీని వేలితో నొక్కి చూస్తాడు, మెత్తగా తగిలితే పక్కన పడేస్తాడు. రంజిత్ చాటను చూశాడు, కార్డును చూశాడు. నోటికొచ్చింది అనేశాడు.

"అవ్వా, గిది బీడీలు ఎండబెడ్తది."

చాటను కంప్యూటర్ వెనకాల పెట్టి, ఆట మొదలుపెట్టి, బొమ్మల నాణ్యతను చిట్టచివరి మెట్టుకు ఎక్కించాడు. రెండు నిమిషాల్లో వెనక నుంచి బెల్లం పొయ్యి మీదుగా వచ్చినట్టు వేడి గాలి మొదలైంది. అరగంటకు ప్రమీలమ్మ ఒక బీడీని చెవి దగ్గర ఆడించింది. గలగలమంది.

"కార్ఖానల బీడీలెండబెట్టే భట్టీ లెక్కనే ఉన్నది గదరా!" అని ఆమె పక్కింటి ఉమారాణిని పిలిచింది.

ఉమారాణి ఎవరికీ చెప్పలేదు. ఇద్దరికే చెప్పింది. పదిన్నరకు ఇంట్లో పదకొండు చాటలు తేలాయి. పదకొండింటికి వచ్చిన భూమేష్ చేతిలోనూ ఒక చాట పెట్టారు.

"నేను కార్డు తీస్కపోవాలె అమ్మా," అన్నాడతను.

"ఎక్కడికి తీస్కపోతవ్? నా బీడీలు పచ్చిగున్నయి. గా చాట జర ఇటు తిప్పి పట్టుకో," అంది ప్రమీలమ్మ.

కార్డు దక్కింది. రంజిత్ లోలోపల ఎగిరి గంతేశాడు. కానీ తెర మూలన పచ్చటి అంకె ఒకటి ఉంది, అది కార్డు వేడి. ఆడవాళ్లు దాన్ని కనిపెట్టారు. ఆటలో రంజిత్ గోడ పక్కన దాక్కుంటే అంకె డెబ్బైకి దిగుతోంది, చెరువు వైపు చూస్తే ఎనభై మూడుకు ఎక్కుతోంది. నీళ్లలో పడే ప్రతి వెలుగునూ, ప్రతి నీడనూ కార్డు అప్పటికప్పుడు లెక్కగట్టాలి కాబట్టి దానికి చెమటలు పడతాయని రంజిత్ వివరించాడు. వివరించకుండా ఉండాల్సింది.

పన్నెండింటికి ఫైనల్ మొదలైంది.

"తమ్మీ, నీళ్ల కాడికి పో," అంది ఉమారాణి.

"అక్కా, అక్కడ కాల్చి చంపుతరు!"

"నా బీడీలు మెత్తబడుతున్నయి. పో!"

రంజిత్ పోయి చెరువు గట్టున నిలబడ్డాడు. స్పీకర్లో బెన్‌హర్ అరిచాడు.

"అరే, గక్కడేం పీకుతున్నవ్‌రా? చేపలు పడుతున్నవా?"

"బీడీలు ఎండబెడుతున్నరా!"

 అంతలోనే చాట పట్టుకున్న భూమేష్ తుమ్మాడు. చాట ఒరిగి వెయ్యి బీడీలు నేలపాలయ్యాయి.

"చూస్తవేందిరా, లేచి ఏరు!" అని ప్రమీలమ్మ కేకేసింది. రంజిత్ లేచాడు. వేడి దిగిపోతుందని ఉమారాణి ఖాళీ కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకుంది.

ఆమె రోజుకు పన్నెండు వందల బీడీలు చేసే మనిషి. ఆకు మడిచి, తంబాకు నింపి, దారం చుట్టేదాకా ఆమె వేళ్లు ఎటు పోయాయో చూసినవాళ్లు ఆ వాడలో లేరు. పొద్దుటి నుంచి ఏ మీట దేనికో చూస్తూనే ఉంది. గట్టు మీద నుంచి కదలకుండా, చెరువు మీద నుంచి చూపు తిప్పకుండా, వచ్చినవాణ్ని వచ్చినట్టు పడగొట్టింది.

"అరే రంజిత్, ఏమాయెరా నీకు? గింత మంచిగ ఎప్పుడు నేర్చినవ్?" అన్నాడు స్పీకర్లో బెన్‌హర్.

"నేను రంజిత్ కాదు తమ్మీ, ఉమారాణిని."

"అక్కా," అన్నాడు బెన్‌హర్ గొంతు తగ్గించి, "నీ కాళ్లు మొక్కుత, కుర్చీల కెళ్లి లేవకు."

టీము గెలిచింది. వచ్చే ఆదివారం జిల్లా పోటీకి బెన్‌హర్ పంపిన జాబితాలో రంజిత్ పేరు లేదు, ఉమారాణి పేరు ఉంది. ఉమారాణి మాత్రం ఆలోచనలో పడింది.

"వారం దినాలు నేను ఆట నేర్సుకుంట కూసుంటే నా బీడీలు ఎవ్వలు చేస్తరు?"

అందరూ రంజిత్ వైపు చూశారు.

శనివారం రంజిత్ తను చేసిన బీడీలు కార్ఖానాకు పట్టుకెళ్లాడు. తుకారాం ఒక్కొక్కటే నొక్కి చూసి, చుట్టు వదులుగా ఉందని అన్నిటినీ పక్కన పడేశాడు. తడి మాత్రం ఎక్కడా లేదని మెచ్చుకున్నాడు.