సరి మెట్లు, బేసి మెట్లు

ఆ సోమవారం పొద్దున ఆరు గంటలకు డ్రిల్లు టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది నిమిషాలు మెట్ల మీద పని, పది నిమిషాలు గిటారు మీద పని, ఆ తర్వాత ఒకే కప్పులో ఇద్దరికీ కాఫీ. ఇంట్లో కప్పులు ఆరున్నాయి. పెళ్లయి మూడు నెలలే కాబట్టి మిగతా అయిదూ అలమరలోంచి బయటికి రావడం లేదు.

పనంతా భర్త కోసం. అతను భవనాల తనిఖీ శాఖలో ఇంజనీరు. సుత్తితో గోడ మీద రెండు దెబ్బలు కొట్టి "ఊఁ" అన్నాడంటే ఆ ఇంటి యజమాని దేవుడికి దండం పెట్టుకుంటాడు. అంతటి మనిషికీ గిటారు ముందు మాత్రం చెమటలు పడతాయి. ఆఫీసులో నలుగురు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. పాడేదీ నడిపించేదీ వాళ్ళ చీఫే. శనివారం సాయంత్రం ఆఫీసు వార్షికోత్సవంలో ఒక పాట మధ్య నలభై సెకన్లు గిటారు సోలో ఉంది. కిందటి రిహార్సల్లో ఇంజనీరు ఆ నలభై సెకన్లూ కళ్ళు మూసుకుని తన్మయంగా వాయించి, కళ్ళు తెరిచేసరికి మిగతా ముగ్గురూ ఎవరో పోయినట్టు నిలబడి ఉన్నారు.

"వెనక కీబోర్డులో కార్డులు మారుతున్నాయయ్యా, నువ్వే మారట్లేదు," అన్నాడు చీఫ్. "శనివారం పదింటికి ఒక్కసారి వింటాను. అప్పటికీ ఇంతేనంటే సోలో కీబోర్డుకి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకు."

ఇంజనీరు ఏమీ అనుకోలేదు. ఇంటికొచ్చి గిటారును బీరువా మీదికి ఎక్కించేశాడు, అంతే.

టీచరుకు అది గుచ్చుకుంది. మొదటిసారి కలిసినప్పుడు అతను మాట్లాడింది మొత్తం పదకొండు మాటలు. అందులో మూడు గిటారు గురించి. ఆ మూడు మాటలప్పుడు ఆ మొహం వెలిగిన తీరు చూసే ఆమె సరేనంది. ఇప్పుడా వెలుగు కాస్తా బీరువా మీద దుమ్ములో పడుకుంటే ఎలా?

"అసలు లోపం ఎక్కడుంది? నాకు అర్థమయ్యేలా చెప్పు," అంది ఆదివారం మధ్యాహ్నం, కుర్చీ ఎక్కి గిటారు దించుతూ.

"కార్డంటే నాలుగు స్వరాలు కలిసి మోగడం. వాటినే విడదీసి ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తే ఆర్పెజియో. వెనక కార్డు మారగానే నా వేలు కూడా కొత్త కార్డులోని స్వరం మీదికి వెళ్ళాలి. నా వేళ్ళు పాత కార్డులోనే కాపురం పెట్టేశాయి."

"ఎన్ని కార్డులేంటి?"

"రెండు."

"రెంటికేనా ఈ ఏడుపు!"

"వరసగా ఎనిమిది స్వరాలనుకో. ఒకటి, మూడు, అయిదు, ఏడు కలిస్తే ఒక కార్డు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది కలిస్తే రెండోది. చెప్పడం తేలికే. వాయించేటప్పుడు ఎక్కడున్నానో నాకే తెలీదు."

టీచరు తలుపు తీసి బయటికి చూసింది. వాళ్ళుండేది రెండో అంతస్తు. గుమ్మం నుంచి కింద మలుపు చప్టా దాకా సరిగ్గా ఎనిమిది మెట్లు. తలకెక్కని విషయాన్ని కాళ్ళలోంచి ఎక్కించవచ్చని ఆమె వృత్తిపరమైన నమ్మకం. నలభై మంది పిల్లలకు కుడి ఎడమలు అలాగే నేర్పింది.

"రేపట్నుంచి మెట్లెక్కుతున్నావు," అంది.

"సరే తల్లీ. కానీ ఎవరికీ చెప్పకు. తనిఖీ ఇంజనీరు మెట్ల మీద గెంతుతున్నాడని తెలిస్తే రేపు నన్ను ఏ ఇంట్లోనూ లెక్కచెయ్యరు."

అలా మొదలైంది సోమవారం. ఇంజనీరు చప్టా మీంచి ఒకటో మెట్టెక్కి ఆగి, ఆ స్వరం కూనిరాగంగా తీశాడు. రెండోది దాటేసి మూడో మెట్టు మీద ఆగాడు. తర్వాత అయిదు, ఏడు. పైన టీచరు నోటుపుస్తకం పట్టుకుని సరైన ప్రతి అడుగుకూ టిక్కు పెడుతోంది. సరిగ్గా అప్పుడే ఎదురింటి పిన్నిగారు పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసింది.

"ఏంటి బాబూ, పొద్దున్నే?"

ఇంజనీరు ఏడో మెట్టు మీద కొయ్యబారిపోయాడు. "ఏం లేదండీ... చిన్న పరిశీలన."

పిన్నిగారు అతన్ని చూసింది. నోటుపుస్తకాన్ని చూసింది. అతను కాలు పెట్టని రెండో మెట్టునూ, నాలుగో మెట్టునూ, ఆరో మెట్టునూ చూసింది. పాల ప్యాకెట్లు తీసుకోవడం మరిచిపోయి తలుపేసుకుంది.

తొమ్మిదింటికల్లా కబురు మొదటి అంతస్తు సెక్రటరీ గారికి చేరింది. ఉద్యోగంలోంచి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ప్రభుత్వం ఈ పన్నెండు ఇళ్ళే. దాన్ని ఆయన ఆదివారాలు కూడా సెలవు లేకుండా పరిపాలిస్తున్నారు. "తనిఖీ ఇంజనీరు కాలు పెట్టని మెట్టు మీద మనమెలా పెడతాం?" అన్నారాయన. ఆ మాటతో భవనం మొత్తంలో సరి మెట్లన్నీ వెలి అయిపోయాయి.

మంగళవారం స్కూలుకు బయలుదేరిన టీచరుకు కన్నుల పండుగైంది. పిన్నిగారు రెండు చేతుల్లో కూరల సంచులతో, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మెట్టు విడిచి మెట్టు ఎక్కుతోంది. వయసు అరవై దాటిన మనిషి! తమని చూసే వ్యాయామం మొదలుపెట్టిందని టీచరు పొంగిపోయింది.

"భేష్ పిన్నిగారూ! అలాగే, మోకాలు ఇంకాస్త పైకి. రోజూ ఇలాగే ఎక్కండి."

"రోజూనా?" పిన్నిగారు ఆయాసపడుతూ గోడ పట్టుకుంది. "ఇలా ఎన్నాళ్ళమ్మా?"

"నెల రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది."

"నెలలోనా!" పిన్నిగారి మొహం సున్నం కొట్టినట్టయింది. "బాబుగారు చెప్పారా?"

"ఆయనకేం తెలుసండీ, నా లెక్క అది. ఒక్కొక్కరికి వారంలోనే తెలిసిపోతుంది."

పిన్నిగారు మిగిలిన మూడడుగులూ గాల్లో తేలినట్టు ఎక్కి ఇంట్లో పడింది. బుధవారానికి ఎక్కడ చూసినా గెంతులే. మూడో అంతస్తు బట్టల కొట్టాయన గెంతుతున్నాడు, ఆయన భార్య గెంతుతోంది, మొదటి అంతస్తు నర్సు డ్యూటీకి గెంతుకుంటూ వెళ్తోంది. ఒక్క ఇల్లు మారితే భవనమంతా మారిందని టీచరు స్కూల్లో అందరికీ చెప్పి మురిసిపోయింది. ఆ సాయంత్రం ఆనందం పట్టలేక రెండో కప్పు కూడా బయటికి తీసింది.

గురువారం రెండో కార్డు. ఇంజనీరు ఒకటో మెట్టు వదిలేసి రెండో దాని మీద కాలు పెట్టాడు. తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. కింద మలుపులో తల మాత్రం బయటపెట్టి చూస్తున్న సెక్రటరీ గారు వెంటనే వెళ్ళి ఇంటింటి తలుపూ తట్టారు.

"నిన్నటిదాకా సరి మెట్లు. ఇవాళ బేసి మెట్లు. అంటే పగులు పాకుతోందండీ!" అన్నారు అత్యవసర సమావేశంలో.

"మరి నోరు విప్పి చెప్పడేంటా అబ్బాయి?" అంది పిన్నిగారు.

"చెబితే తొక్కిసలాట అవుతుందని. ఎంత మంచివాడండీ! మన ప్రాణాలన్నీ గుండెల్లో దాచుకుని, పైకి కూనిరాగాలు తీస్తున్నాడు."

శుక్రవారం టీచరు చప్పట్లు కూడా కలిపింది. చప్పట్లు కొట్టగానే కార్డు మారినట్టు. ఇంజనీరు ఎక్కడుంటే అక్కడి నుంచి రెండో కార్డు మెట్టు మీదికి వెళ్ళాలి. మొదట పైనున్న ఎనిమిదో మెట్టు దాకా పరిగెత్తాడు. తర్వాత కిందికి దూకాడు. పదోసారికి అయిదో మెట్టు మీద నిలబడిపోయి, కిందా పైనా చూసి, మొహమంతా నవ్వైపోయాడు.

"టీచరమ్మా! ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదే. ఎక్కడున్నా, కావాల్సింది పక్క మెట్టు మీదే ఉంది!"

ఆమెకు ఆ మొహాన్ని అక్కడికక్కడ ముద్దు పెట్టుకోవాలనిపించింది. మలుపులోంచి ఎవరిదో దగ్గు వినిపించి ఆగింది. ఆ దగ్గిన సెక్రటరీ గారు పది నిమిషాల్లో మిగతా పదకొండిళ్ళ సంతకాలూ పెట్టించి, ఆఫీసు తెరవగానే తనిఖీ శాఖకు అర్జీ పట్టుకెళ్ళారు. "మెట్టు మెట్టుకూ పరిగెడుతున్న పగులును తమ ఇంజనీరు గారు భార్యాసమేతంగా వెంటాడుతున్నారు," అని అందులో స్పష్టంగా ఉంది.

శనివారం తొమ్మిదింటికి ఇంజనీరు చొక్కా ఇస్త్రీ చేసుకుని, గిటారు భుజాన వేసుకుని తలుపు తీశాడు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి ఉంది.

"దిగొద్దు బాబూ, దిగొద్దు!" అంటూ కింద చప్టా మీంచి అరిచారు సెక్రటరీ గారు. మెట్లను నమ్మలేక ఇళ్ళవాళ్ళంతా వచ్చి ఆయన చుట్టూ చప్టా మీదే భద్రంగా నిలబడ్డారు. పిన్నిగారు నగల పెట్టె కూడా తెచ్చుకుంది. ఆ గుంపును తోసుకుంటూ చీఫ్ పైకి వచ్చాడు. ఒక చేతిలో అర్జీ, రెండో చేతిలో సుత్తి.

"ఏమయ్యా, నాకు చెప్పకుండా వారం నుంచి రహస్య తనిఖీయా?" అన్నాడు. "పదింటికి నీ సోలో వినాల్సినవాణ్ణి, ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను. ఇక వినేదేముంది, టైముండదు. సోలో కీబోర్డే వాయించేస్తాడులే. ముందు పగులెక్కడో చూపించు."

ఇంజనీరు గిటారును వీపు వెనక్కి జరుపుకున్నాడు. అంతమంది ముందు గెంతుల సంగతి చెప్పడం అతని వల్ల కాదని టీచరుకు తెలుసు. గిటారు మళ్ళీ బీరువా ఎక్కబోతోందని కూడా తెలుసు. తాడు కిందనుంచి దూరి ముందుకొచ్చింది.

"పగుల్లేదండీ. అది తనిఖీ కాదు, ప్రాక్టీసు. నేనే చేయించాను. ఒకటి, మూడు, అయిదు, ఏడు ఒక కార్డు. మిగతావి రెండో కార్డు."

చప్టా మీద అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అమ్మాయి భయంతో ఏదేదో మాట్లాడుతోంది," అన్నారు సెక్రటరీ గారు జాలిగా. "మెట్ల మీద గిటారేంటమ్మా?"

"నమ్మరా? ఇంజనీరు గారూ, గిటారు తియ్యండి." ఆమె ఫోనులో అతను రికార్డు చేసుకున్న రెండు కార్డులూ పెట్టింది. పెట్టి, ఎనిమిదో మెట్టు మీదికి గెంతింది.

"అమ్మో!" అంది చప్టా అంతా ఒక్క గొంతుతో. పిన్నిగారు కళ్ళు మూసుకుంది.

ఫోనులో కార్డు మారింది. టీచరు పక్క మెట్టు మీదికి దిగింది. మళ్ళీ మారింది, ఇంకో మెట్టు. ఇంజనీరు జనాన్ని చూడలేదు, చీఫ్‌ని చూడలేదు. ఆ పాదాలనే చూస్తూ తీగ మీటాడు. ఆమె పాదం ఏ మెట్టు మీద పడితే అతని వేలు సరిగ్గా ఆ స్వరం మీద పడింది. కార్డు మారిన ప్రతిసారీ రాగం తడబడకుండా మలుపు తిరిగింది. నలభై సెకన్లు పూర్తయ్యేసరికి చీఫ్ సుత్తితో తన తొడ మీద తాళం వేసుకుంటున్నాడు. కాస్త గట్టిగానే వేసుకున్నాడు.

"అబ్బా!" అని తొడ రుద్దుకుంటూ అన్నాడు, "సోలో నీదేనయ్యా. కీబోర్డుకి నేను చెప్పుకుంటాను."

ఇంజనీరు మొహం వెలిగింది. పదకొండు మాటల రోజుకంటే ఇప్పుడే ఎక్కువ వెలిగిందని టీచరు లెక్క తేల్చుకుంది.

"అయితే మెట్లు బాగానే ఉన్నట్టా?" అంది పిన్నిగారు ఒక కన్ను తెరిచి.

"అర్జీ వచ్చాక చూడకుండా పోతే ఎలా?" అని చీఫ్ మొక్కుబడిగా ఒక్కో మెట్టునూ సుత్తితో కొడుతూ దిగాడు. ఎనిమిదీ ఖంగుమన్నాయి. చివరి దెబ్బ చప్టా మీద వేశాడు. అది డొల్లగా మోగింది. ఇంజనీరు గిటారు పక్కన పెట్టి, సుత్తి అందుకుని రెండు దెబ్బలు కొట్టి "ఊఁ" అన్నాడు.

చప్టా అంచున బారులు తీరిన పద్నాలుగు పూలకుండీలు సెక్రటరీ గారివి. రెండు పూటలా ఆయన పోసే నీళ్ళకు లోపలి ఇనుము తుప్పు పట్టి ఏ కాలమైందో. వారమంతా మెట్లను చూసి వణికిన పదకొండిళ్ళవాళ్ళూ ఆ డొల్ల మీదే, భద్రంగా, గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఒక్కొక్కరే, గోడ వారగా, మెల్లగా కిందికి," అన్నాడు ఇంజనీరు. ఎవరూ గెంతలేదు.

చప్టా కింద ఇనప ఊతాలు బిగించేసరికి మర్నాడు మధ్యాహ్నమవుతుందన్నారు. అప్పటిదాకా అందరూ బంధువుల ఇళ్ళు చూసుకోవాల్సిందే. "ముందు సాయంత్రం మా హాలుకి రండి," అన్నాడు చీఫ్, "అక్కడ కుర్చీలెప్పుడూ ఖాళీయే." అలా ఆఫీసు వార్షికోత్సవానికి మొట్టమొదటిసారి హాలు నిండింది. సోలో మొదలవగానే మూడో వరసలో పిన్నిగారు, ఆమె పక్కన నర్సు, బట్టల కొట్టాయన కూర్చున్నచోటే కాళ్ళు కదిపారు. ఒకటి, మూడు, అయిదు, ఏడు. కార్డు మారగానే పక్కకి. ఒక్కరు కూడా తప్పలేదు. ఆఖర్న సెక్రటరీ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన నిలబడే ముందు నేలను కాలితో తట్టి చూసుకోవడం టీచరు ఒక్కతే గమనించింది.

సోమవారం ఇంజనీరు బల్ల మీద పక్క వీధుల నుంచి వచ్చిన మూడు అర్జీలున్నాయి. ప్రాణాలు కాపాడిన ఈ కొత్త తనిఖీ పద్ధతి తమకూ కావాలనీ, సదరు దంపతులను తమ మెట్ల మీద ఒక వారం గెంతించవలసిందనీ అన్నిటి సారాంశం. చీఫ్ మూడింటి మీదా "అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టాడు.