బతికున్నవాణ్ణి బతికించారు

ఆ రోజు పోలరాజు పెట్టుకున్న పని ఒక్కటే. పటమటలో కూతురు చదివే హైస్కూలు వార్షికోత్సవానికి వెళ్ళి, స్టేజీ ఎక్కి, దాని మెడలో పతకం వేయాలి. ఆ స్కూల్లో పతకం తల్లో తండ్రో వేయడం ఆచారం. కిందటేడు కైకలూరు నుంచి చేపల లారీ ఆలస్యమై అతను రాలేకపోతే డ్రిల్లు మాస్టారు వేశాడు. కనకదుర్గ వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. అందుకే ఈసారి పతకం దేనికో కూడా అడక్కుండా, "వస్తానమ్మా, ఒట్టు!" అని దాని తల మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

తెల్లవారకముందే మార్కెట్లో చేపల్ని ఐసులో సర్ది, పెట్టెలన్నీ పంపించేసి, వేళకు చాలా ముందే ట్రాలీ ఆటోను స్కూలు గోడ పక్కన ఆపాడు. ఇస్త్రీ చొక్కా సీటు మీద సిద్ధంగా ఉంది. మార్చుకునే ముందు ఒక్క కునుకు తీద్దామని వెనక ట్రాలీలో నడుం వాల్చాడు. అతను చేసిన నేరం అదొక్కటే.

కళ్ళు తెరిచేసరికి తల చుట్టూ కట్టు ఉంది. ఎడమ చెయ్యి గుడ్డలో మెడకు వేలాడుతోంది. తెల్ల టోపీలు పెట్టుకున్న ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు, ఫిన్నీ, దీవెన, అతని కాళ్ళకు చెక్కలు కడుతున్నారు.

"ఎవర్రా మీరు? ఏంట్రా ఇది?"

"కదలకండి అంకుల్. మాది స్కూలు ప్రథమ చికిత్స దళం," అన్నాడు ఫిన్నీ. "మీరు షాక్‌లో ఉన్నారు. చేతులు చల్లబడిపోయాయి. చొక్కా నిండా రక్తం."

"అది చేప రక్తంరా! తెల్లార్లూ ఐసులో పెట్టిన చేతులు చల్లగా ఉండక కాలిపోతాయా?"

దీవెన జాలిగా చూసింది. "చేపలంట! సంధి మాటలు కూడా మొదలయ్యాయి ఫిన్నీ. అక్క చెప్పిన లక్షణమే."

"ఏ అక్క?"

"మా లీడరక్క. ఏడాదంతా మాకు కట్లు కట్టడం నేర్పింది. కానీ ఒక్కళ్ళకీ దెబ్బ తగల్లేదు. ఒక్క ప్రాణమైనా కాపాడకపోతే సమాజసేవ మెడల్ ఇవ్వనని హెడ్మిస్ట్రెస్ క్రిస్టినా మేడమ్ పొద్దున్నే తేల్చేశారు. అక్క లోపల ఒకటే ఏడుపు."

"దాని మెడల్ కోసం నేను పోవాలా? అలా పెంచిన తండ్రెవడో ఒక్కసారి నాకు చూపించండ్రా! చెవులు మెలేస్తా!"

రోగి అరవకూడదని ఫిన్నీ అతని నోట్లో థర్మామీటరు పెట్టాడు. పోలరాజు ముఖం కోపంతో ఎర్రబడింది. అది ఇంకో లక్షణం. లేవబోతే చెక్కలు అడ్డం వచ్చి ట్రాలీలోనే బోర్లా పడ్డాడు. అది మరో లక్షణం. ఎదురుగా ఉన్న టీకొట్టు ఆదెమ్మ పరుగున వచ్చి 108కి ఫోన్ చేసింది. చేసి ఊరుకోలేదు, వీధి మొత్తాన్నీ పోగేసింది.

"గుండెపోటంటండీ! ఇందాకే నా దగ్గర టీ తాగాడండీ, బంగారంలాంటి మనిషి!"

"నీ టీ నేనెప్పుడు తాగాను తల్లీ!" అన్న కేకతో పాటు థర్మామీటరు కూడా నోట్లోంచి ఊడిపడింది.

అంబులెన్స్ కుర్రాడు బీపీ చూసి కంగారుపడ్డాడు. "నూట తొంభై! ఎక్కించండి, ఎక్కించండి!"

"కోపం బాబూ, అది కోపం!"

"అందరూ అలాగే అంటారండీ. పడుకోండి."

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు సిద్ధార్థ అతని చొక్కా వాసన చూశాడు. "ఇది శీలావతి చేప రక్తం కదండీ?"

"బొచ్చె," అన్నాడు పోలరాజు పళ్ళు నూరుతూ.

డాక్టరు నవ్వాపుకుంటూ చేతి కట్టు, కాళ్ళ చెక్కలు ఊడదీయించాడు. తలకట్టు ముడి మాత్రం ఎంతకీ రాలేదు. కత్తెర వచ్చేదాకా ఆగే ఓపిక పోలరాజుకు లేదు. రోడ్డు మీదికొచ్చి దొరికిన ఆటో ఎక్కాడు. దారి పొడవునా తిట్లు వరస పెట్టుకున్నాడు. ముందు కూతురికి పతకం వేయాలి. ఆ తర్వాత మైకు లాక్కుని ఆ మేడమ్‌ని, ఆ లీడర్ని, ఆ లీడరు తండ్రిని, వాడి ఏడు తరాలనూ కడిగేయాలి.

గేటు దాటాడో లేదో చప్పట్లు మోగాయి. స్టేజీ మీద క్రిస్టినా మేడమ్ మైకులో మాట్లాడుతోంది.

"ఈ ఏడాది మన పిల్లలు పదో తరగతి అందరూ పాసయ్యారు. జిల్లా కబడ్డీ గెలిచారు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఒక నిండు ప్రాణం నిలబెట్టారు. అదిగోనండీ, ఆ ప్రాణమే నడిచొస్తోంది!"

ఫిన్నీ, దీవెన చెరో చెయ్యీ పట్టుకుని అతన్ని స్టేజీ ఎక్కించారు. ఈ దళాన్ని తయారుచేసిన లీడరు రావాలని మేడమ్ పిలిచింది. తెల్ల టోపీ పెట్టుకుని కనకదుర్గ వచ్చింది. తలకట్టు కింద ముఖం చూసి కొయ్యబారిపోయింది.

"నాన్నా! నీకేమైంది నాన్నా?"

పోలరాజుకు పొద్దుటి నుంచీ చూడాలనుకుంటున్న తండ్రి దొరికాడు.

మేడమ్ కళ్ళొత్తుకుని మైకు అతని చేతికిచ్చింది. "సొంత నాన్నగారండీ! ఏం జరిగిందో మీ నోటితోనే చెప్పండి. అది విన్నాకే మెడల్."

పతకం పళ్ళెంలో మెరుస్తోంది. నిజం చెబితే అది పళ్ళెంలోనే ఉండిపోతుంది. అయినా పొద్దుటి నుంచీ అతను నిజం తప్ప ఇంకేం చెప్పాడు? ఒక్కడైనా నమ్మాడా?

"లారీ గుద్దేసిందండీ," అన్నాడు పోలరాజు. "ఈ పిల్లలే లేకపోతే..."

అందరూ వెంటనే నమ్మేశారు. చప్పట్లతో షామియానా ఊగిపోయింది. పోలరాజు కూతురి మెడలో పతకం వేశాడు. అది అతన్ని కావలించుకుని వలవలా ఏడ్చింది.

చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా కూర్చున్న ముఖ్య అతిథి, ట్రాఫిక్ సీఐ గారు, పెన్ను మూత తీసి లారీ నంబరు అడిగారు.