తాళం వేసినవారే తీయవలెను

ఇకమీదట కరెంటు ఎవరినీ కొట్టదని మంత్రిగారు ప్రకటించారు.

ఈ ప్రకటన భద్రతా భవనం రెండో అంతస్తు హాల్లో, పట్టపగలు, పదకొండు మైకుల ముందు జరిగింది. ఈ సంగతి కరెంటుకి విడిగా తెలియజేశారో లేదో నాకు తెలీదు. హాల్లో ఉన్న మూడొందల మందిమీ మాత్రం నమ్మేశాం. ఆయన చెప్పే తీరు అలాంటిది.

సందర్భం ఏమిటంటే, ప్రభుత్వ కార్మిక భద్రతా శాఖకీ మా ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘానికీ ఆ రోజు భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. పనిచేసేచోట ఎలక్ట్రీషియన్లు షాకు కొట్టి పోకుండా ఇరుపక్షాలూ చేయీ చేయీ కలిపి పాటుపడాలని దాని సారాంశం. నేను సంఘంలో టైపిస్టుని. నలభయ్యారు పేజీల ఆ ఒప్పందాన్ని పొల్లు పోకుండా టైపు చేసింది నేనే. అందులో భద్రత అన్న మాట మూడువందల పన్నెండు సార్లు వచ్చింది. ఎలక్ట్రీషియన్ అన్న మాట రెండుసార్లు వచ్చింది. వాటిలో ఒకటి, సభలో ఎవరు ఏ వరసలో కూర్చోవాలో చెప్పే అనుబంధంలో.

సంఘం తరఫున సంతకం పెట్టింది మా అధ్యక్షులు మేకుగారు. అసలు పేరు వేరే ఉంది గానీ ఎవరికీ అక్కర్లేదు. కుర్రతనంలో ఒక వీధిలో మాటిమాటికీ ఫ్యూజు పోతోంటే, విసుగొచ్చి ఫ్యూజు పీకేసి ఆ స్థానంలో ఇనుప మేకు దిగ్గొట్టిన మహానుభావుడు ఆయన. ఆ తర్వాత ఆ వీధిలో ఫ్యూజు పోలేదు. రెండు ఇళ్ళు పోయాయి. భద్రత గురించి మాట్లాడే అర్హత అలాంటి అనుభవజ్ఞుడికి కాక ఇంకెవరికి ఉంటుంది?

చివరి వరస వెనకాల, గోడకి ఆనుకుని మా బావ నిలబడ్డాడు. మా అక్క మొగుడు. ఎలక్ట్రీషియన్. ఆ భవనంలో ప్రతి తీగా ఆయన లాగిందే. అంతకు రెండు నెలల ముందు మేకుగారి పనిలోనే కరెంటు పారుతున్న లైవు తీగ తగిలి, నిచ్చెన మీంచి పడి, పదిరోజులు మంచం దిగలేదు. అప్పుడు మా అక్క ఏడవలేదు, అరవలేదు. ఒకటే మాట అంది.

“మళ్ళీ లైవులో చెయ్యి పెట్టకండి. నాకు మొగుడు కావాలి, గోడమీద ఫోటో వద్దు.”

బావ మాటిచ్చాడు. అందుకే ఆ సభకి పని మానుకుని మరీ వచ్చాడు.

“బామ్మర్దీ, అందులో ఆ తాళం సంగతి ఉందిరా?” అని నా చెవిలో అడిగాడు.

“ఉంది బావా. పన్నెండో పేజీ.”

“చాలు. అదొక్కటీ అమలైతే నేను బతికిపోతాను. మిగతా పేజీలన్నీ పొట్లాలు కట్టుకోమను.”

తాళం సంగతి చాలా చిన్నది. పనిచేయబోయే మనిషి ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి తన తాళం తనే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. తాళానికి తన ఫోటో ఉన్న ఎర్ర అట్టముక్క తగిలించాలి. ‘తాళం వేసినవారే తీయవలెను’ అని దానిమీద ఉంటుంది. లోపల మనిషి తీగలు పట్టుకుని ఉండగా బయట ఇంకో మనిషి వచ్చి స్విచ్ వేసెయ్యకుండా అన్నమాట. ఇంత పనికొచ్చే మాట అంత పెద్ద ఒప్పందంలోకి ఎలా దూరిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మంత్రిగారికి కూడా అదే నచ్చింది. “మాటలు చాలు. నేను చేసి చూపిస్తాను!” అంటూ మెయిన్ స్విచ్ దగ్గరికి నడిచారు. స్విచ్ ఆపారు. తాళం వేశారు. తన రంగుల ఫోటో ఉన్న ఎర్రట్ట తగిలించారు. పదకొండు మైకులూ ఒక్కసారే మూగబోయాయి. ఏసీలు ఆగాయి. లిఫ్టులో వస్తున్న సంయుక్త కార్యదర్శిగారు ఒకటికీ రెండుకీ మధ్య ఆగారు. చప్పట్లు మాత్రం ఆగలేదు.

నిబంధన ప్రకారం తాళంచెవి జేబులో పెట్టుకుని, మంత్రిగారు అటునుంచి అటే విమానాశ్రయానికి వెళ్ళారు. పదమూడు దేశాల్లో భద్రత ఎలా ఉందో అధ్యయనం చెయ్యడానికి.

మర్నాడు ఆ భవనంలోనే కొలువుండే భద్రతా కమిషనర్‌గారు మా బావని పిలిపించారు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఫైలుని ఎండకి పట్టి చదువుతున్నారు.

“దీనికేమిటోయ్ మార్గం?”

“కట్టర్ తెచ్చాను సార్. అయిదు నిమిషాల పని.”

కమిషనర్‌గారు అదిరిపడ్డారు. “మంత్రిగారి ఫోటో ఉందయ్యా దానిమీద! కట్టర్ పెడతావా? పన్నెండో పేజీ చదవలేదూ? వేసినవారే తీయాలి.”

“వేసినవాళ్ళు మర్చిపోయి వెళ్ళిపోతే తియ్యొచ్చు సార్. అదీ అదే పేజీలో ఉంది. ఆ మనిషి లోపల యంత్రంలో లేడని తేల్చుకుని, ఆయన్నుంచి రాయించుకుని తియ్యాలి.”

కమిషనర్‌గారి ముఖం వెలిగింది. అప్పటికప్పుడు నాచేత ఉత్తరం కొట్టించారు. ‘గౌరవనీయులైన మంత్రివర్యులకు. తమరు గానీ, తమ చేతులు, కాళ్ళు తదితర అవయవాలు గానీ ప్రస్తుతం ఏ యంత్రంలోనూ ఇరుక్కుని లేవని లిఖితపూర్వకంగా ధ్రువీకరించవలసిందిగా ప్రార్థన.’

మూడు వారాలకి మంత్రిగారి పీఏ నుంచి జవాబొచ్చింది. ‘విషయం సున్నితమైనది. పత్రికల్లో దుమారం రేగే అవకాశం ఉన్నందున, మంత్రిగారు యంత్రంలో ఉన్నదీ లేనిదీ ఇప్పట్లో చెప్పలేము.’

ఇక చేసేదేముంది? భద్రతా శాఖ పార్కింగులోకి మారింది. కమిషనర్‌గారు రెండు స్కూటర్ల మధ్య బల్ల వేయించుకున్నారు. లిఫ్టులోంచి చేత్తో తిప్పి దించిన సంయుక్త కార్యదర్శిగారు మళ్ళీ ఆ భవనంవైపు చూడలేదు. అయితే ఒక అద్భుతం జరిగింది. కంప్యూటర్లు ఆగిపోయాయి కాబట్టి ప్రమాదాలు నమోదు చేసే వీల్లేకపోయింది. దాంతో ప్రమాదాల సంఖ్య సున్నాకి పడిపోయింది. ఒప్పందం ఇంత తొందరగా ఫలితమిస్తుందని దాన్ని టైపు చేసిన నేను కూడా అనుకోలేదు.

తొంభయ్యో రోజున మేకుగారు బావనీ నన్నూ పిలిచారు.

“వచ్చేవారం ప్రమాదరహిత శతదినోత్సవం. భద్రతా భవనం హాల్లోనే చేస్తున్నాం. లైట్లు, మైకులు, ఏసీలు, అన్నీ ఉండాలి.”

“కరెంటు లేదు కదండీ,” అన్నాడు బావ.

“తెద్దాం. తాళం జోలికి పోవద్దు. వీధి స్తంభం నుంచి కిటికీలోంచి ఇంకో తీగ లాగి, స్విచ్ దాటాక ఉన్న బోర్డుకి కలిపెయ్. తాళం తాళమే, కరెంటు కరెంటే.”

ఆ తెలివికి నాకు ఒళ్ళు జలదరించింది.

“అలాగేనండీ. అయితే స్తంభం దగ్గర ఓ అరగంట లైను ఆపించండి, కలిపేస్తాను,” అన్నాడు బావ.

ఆపించడానికి బావా నేనూ కరెంటాఫీసుకి వెళ్ళాం. గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు.

“ఏ భవనం?”

“భద్రతా భవనం.”

“దానికి కరెంటు వాడకమే లేదు. మూడు నెలల్నుంచి మీటరు కదల్లేదు. లేని కరెంటు ఆపమని అర్జీ పెడితే నేనేం ఆపనూ?”

“వీధి లైను ఆపండి బాబూ, మనిషి పనిచేస్తాడు.”

“ఏం పని?”

బావ నావైపు చూశాడు. నేను గోడమీద క్యాలెండర్‌వైపు చూశాను.

తిరిగొచ్చాక బావ కనీసం రబ్బరు గ్లవుజులైనా ఇమ్మన్నాడు. ఒప్పందం కింద కొన్న జత ఒకటే ఉంది. దాన్ని ఒప్పందం రోజునే అద్దాల ఫ్రేములో బిగించి మంత్రిగారికి జ్ఞాపికగా ఇచ్చేశారు.

“అయితే నేను చెయ్యనండీ,” అన్నాడు బావ. “లైవులో చెయ్యి పెట్టనని ఇంట్లో మాటిచ్చాను.”

మేకుగారు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడరు. “మంచిదే. ఇంటిమాట వినాలి. అన్నట్టు, నీ లైసెన్సు రెన్యువల్ కాగితం కమిషనర్‌గారి బల్లమీద ఉందటగా? పార్కింగులో గాలెక్కువయ్యా. కాగితాలు ఎగిరిపోతుంటాయి.”

లైసెన్సు లేకపోతే బావకి ఇంకో పని రాదు. మెట్లు దిగుతూ ఒక్క మాటన్నాడు. “అక్కకి చెప్పకురా.”

నేను చెప్పలేదు. సిగ్గుగానే ఉంది గానీ, చెప్పలేదు.

తీగ కలిపేటప్పుడు బావ ఎండిన చెక్క బల్లమీద నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని రెండోచేత్తో పనిచేశాడు. ఏమీ కాలేదు. భవనం భళ్ళున వెలిగింది. స్విచ్‌మీద మంత్రిగారి తాళం అలాగే వేలాడుతోంది. ఎర్రట్టమీద ఆయన అలాగే నవ్వుతున్నారు.

శతదినోత్సవం రోజున హాలు కిటకిటలాడింది. వేదికమీద మధ్యలో మంత్రిగారి కోసం ఖాళీ సోఫా. కమిషనర్‌గారు లేచి మైకు అందుకున్నారు.

“ఈ వందరోజుల్లో జరిగిన ప్రమాదాలు, సు... సు... సు...”

మైకు గరగరలాడింది. వేదిక వెనక తెరచాటున ఎక్కడో తీగ వదులైంది. మేకుగారు బావకి కళ్ళతో సైగ చేశారు. కరెంటు ఆపితే బిగిస్తానని బావ చేత్తో సైగ చేశాడు. అంకె దగ్గర ఆపడమా అన్నట్టు మేకుగారు నుదురు కొట్టుకుని, జేబులోంచి కాగితమొకటి తీసి అది గాల్లో ఎగిరిపోతున్నట్టు ఆడించారు.

బావ చేతికి పొడి తువ్వాలు చుట్టుకుని తెర వెనక్కి వెళ్ళాడు.

ఢామ్మంది. తెర చీల్చుకుని వచ్చి మా బావ సరిగ్గా మంత్రిగారి సోఫాలో వెల్లకిలా పడ్డాడు. జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. అరచెయ్యి నల్లగా ఉంది. అది భద్రతా ప్రదర్శనలో భాగమనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను పరిగెత్తుకెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఉంది.

మైకు మాత్రం బాగైంది. “సున్నా!” అన్నారు కమిషనర్‌గారు, చాలా స్పష్టంగా.

నాలుగు రోజుల తర్వాత అదే హాల్లో విచారణ పెట్టారు. కమిషనర్‌గారు, మేకుగారు, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు కూర్చున్నారు. మినిట్స్ టైపు చెయ్యడానికి నన్ను పిలిచారు. బావ కుడిచేతికి మోచేతిదాకా కట్టుంది. చొక్కా బొత్తాలు తనే పెట్టుకోలేడు కాబట్టి అక్క వెంట వచ్చింది. నాలుగు రోజులుగా అక్క నాతో మాట్లాడటం లేదు.

“నీకు షాకు కొట్టిందంటున్నావు,” అన్నారు కమిషనర్‌గారు. “ఈ భవనంలో కరెంటు ఉందా?”

“రికార్డు ప్రకారం లేదండీ. మంత్రిగారి తాళం ఉంది,” అన్నాడు ఒక ఇన్‌స్పెక్టరు.

“లేని కరెంటు ఎలా కొడుతుందయ్యా?”

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆయన ముందున్న కాగితాలు ఎగిరిపోకుండా నేను పేపర్‌వెయిట్ పెట్టాను.

“కొట్టిందంటే ప్రమాదం,” అన్నారు మేకుగారు విచారంగా. “ప్రమాదమంటే తాళం ఉండగా తీగ ఎవరు కలిపారని ప్రశ్న వస్తుంది. కలిపిన చెయ్యి ఈయనదే. లైసెన్సు పోతుంది. మనవాడు కదా అని నా బాధ.”

అప్పుడు మా అక్క లేచింది. తెర వెనకనుంచి వేలాడుతున్న ఆ తీగ చూపించింది.

“కరెంటు లేదంటున్నారుగా సార్. అయితే ఎవరైనా ఒక్కసారి దాన్ని పట్టుకోండి. మేం నోరుమూసుకుని వెళ్ళిపోతాం.”

హాల్లో నాలుగు కుర్చీలు ఒకేసారి వెనక్కి జరిగాయి. మోగని ఫోను తీసి మేకుగారు చెవికి పెట్టుకున్నారు. ఒక ఇన్‌స్పెక్టరుకి బీపీ ఉందని గుర్తొచ్చింది. ఇంకొకాయన రిటైర్‌మెంట్‌కి ఇంకా నెల ఉంది.

“మంచి సూచనమ్మా,” అన్నారు కమిషనర్‌గారు నుదురు తుడుచుకుంటూ. “పరీక్ష జరపాల్సిందే. ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే.” ఆయన చూపు అందరిమీదుగా తిరిగి తిరిగి బావ కట్టుమీద ఆగింది. ముఖం చేటంత అయింది. “అరె! పరీక్ష జరిగిపోయింది కదండీ! రాసుకోవయ్యా.”

నేను టైపు చేశాను. ‘అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ సదరు తీగను స్వయంగా చేతితో పట్టుకుని పరీక్షించడమైనది. పరీక్షించిన వ్యక్తి నేటికీ జీవించి ఉన్నందున భవనం సురక్షితమని తేలినది. ప్రమాదాల సంఖ్య సున్నా.’

అందరూ సంతకాలు పెట్టారు. ప్రమాదం కాదు గనక తప్పూ లేదు. లైసెన్సు అక్కడికక్కడే చేతికిచ్చారు. బావ ఎడంచేత్తో వంకరటింకరగా సంతకం చేసి, లైసెన్సువైపే చూస్తూ కూర్చున్నాడు.

“అయితే ఇంతటితో అయిపోయినట్టేనా సార్?” అంది అక్క.

“పూర్తిగా అయిపోయిందమ్మా,” అని, కమిషనర్‌గారు లేచి వెళ్తూ నా పక్కన వంగి గొంతు తగ్గించారు. “పరీక్షలు మూడు నెలలకోసారి జరపాలని ఒప్పందంలో ఉంది. పరీక్షించువారు అన్నచోట ఈయన పేరే ఉంచెయ్. అలవాటైన చెయ్యి.”

నేను బావ పేరు కొట్టాను. పక్కన మూడు నెలల తర్వాతి తేదీ కొట్టాను. వెనకనుంచి ఎవరో వంగి చూస్తున్నట్టనిపించి తలెత్తాను. అక్క.

“బావ పేరు పక్కన ఆ తేదీ ఏమిట్రా?” అంది. నాలుగు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది.

“సన్మానం అక్కా.”

అక్క ముఖం విప్పారింది.

“ముందే చెప్పొద్దూ? ఆ రోజుకి కొత్త చొక్కా కుట్టించి, నేనే దగ్గరుండి తీసుకొస్తాను,” అంది.