నాలుగో నంబరు పరీక్ష

చదువు రాని బిడ్డను ప్రభుత్వం ఏ రోజైనా క్షమిస్తుంది. చదువు వచ్చి, అది ఏ బడిలో వచ్చిందో కాగితం చూపించలేని బిడ్డను మాత్రం ఎన్నటికీ క్షమించదు. ఈ మహత్తర సూత్రం మీద నిలబడ్డదే ఉదయగిరిలోని ప్రాంతీయ చదువు కొలతల కార్యాలయం. (కొలబద్ద ఒకటి గోడకు వేలాడుతూ ఉండేది గానీ, అది సిబ్బంది వీపులు గోక్కోవడానికి.)

1996 జూన్ నెలాఖరున నాగులమ్మ ఆ కార్యాలయం మెట్లెక్కింది. వెంట ఎనిమిదేళ్ళ కూతురు షైనీ. వాళ్ళది సీతారామపురం అవతల, రోజుకొక్క బస్సు మొహం చూసే పల్లె. ఊళ్ళో బడి ఉంది, బడికి తాళం ఉంది, తాళానికి నాలుగేళ్ళ తుప్పు ఉంది. పాత పంతులు ఓబయ్య రిటైరయ్యాక కొత్తాయన్ని వేశారని కాగితాల్లో ఉందట గానీ, ఆయన్ని కళ్ళతో చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. మిషన్ హాస్టల్లో ఉండి పది దాకా చదివిన నాగులమ్మ ఎదురుచూసి విసిగిపోయి, పొయ్యి దగ్గర పలక పెట్టుకుని కూతురికి తనే అక్షరాలు దిద్దించింది. షైనీ ఇప్పుడు బైబిలు గడగడా చదువుతుంది. చర్చిలో పెద్దవాళ్ళు కళ్ళజోడు సర్దుకునేలోగా కీర్తన నంబరు వెతికి చూపిస్తుంది. భాగహారాలు చేస్తుంది. భిన్నాల దగ్గరకు వచ్చేసరికి నాగులమ్మకే చెమటలు పట్టాయి.

ఇక తన వల్ల కాదని, ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టలున్న బడిలో నాలుగో తరగతికి అడిగింది. సీటు ఉందన్నారు. జూలై పదిహేను లోపల ఉదయగిరి నుంచి పరీక్ష పాసైన కాగితం తెమ్మన్నారు. ఆ తేదీ దాటితే సీటు వేరే బిడ్డకు పోతుంది, షైనీ మళ్ళీ పొయ్యి దగ్గరకు వస్తుంది.

"ఏ పరీక్ష?" అన్నాడు సూపరింటెండెంటు గోవిందయ్య.

"ఏదో ఒకటి పెట్టండి సార్. బిడ్డ రాస్తాది."

గోవిందయ్య నొచ్చుకున్నాడు. "ఏదో ఒకటంటే ఎట్లమ్మా? నువ్వే ఎంచుకోవాల. నాలుగు రకాలు ఉండాయి. తప్పుగా ఎంచుకున్నావంటే మూడేళ్ళ దాకా ఇంకోటి రాయనీము."

ఆయన ఓపిగ్గా వివరించాడు. (ఆ కార్యాలయంలో పని తప్ప అన్నీ ఓపిగ్గా జరుగుతాయి.) మొదటిది బడి మానేసిన పిల్లలకు. మానేసినట్టు రుజువు కావాలి, మానాలంటే ముందు చేరి ఉండాలి. రెండోది బడి మారే పిల్లలకు. దానికి పాత బడి ఇచ్చిన టీసీ కావాలి. మూడోది అసలు బడి గడప తొక్కని పిల్లలకు. ఆ మాటతో నాగులమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అదే సార్. మా బిడ్డకు అదే సరిపోతాది."

అంతలో షైనీ గోడ మీది బోర్డును ఎక్కడా ఆగకుండా పైకి చదివేసింది: "కార్యాలయ ఆవరణలో నిశ్శబ్దం పాటించవలెను."

గోవిందయ్య పెన్నుకు మూత పెట్టాడు. "చదివేసింది గదమ్మా. ఒక్క అక్షరం రానోళ్ళే దాంట్లో పాసవుతారు. నీ బిడ్డ ఫెయిలు."

ఇక మిగిలింది నాలుగో నంబరు, ఇంటి దగ్గర చదువుకున్న పిల్లల పరీక్ష. షైనీని చూసే పుట్టించినట్టుంది. షరతు ఒక్కటే. బిడ్డ ఇంటి దగ్గర చదివిందని ఆ ఊరి బడి పంతులు సంతకం పెట్టాలి, అదీ బడిలో కూర్చునే పెట్టాలి.

పక్క టేబులు దగ్గర ఒక బట్టతల ఆయన ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ఈ సంభాషణంతా విన్నాడు. షైనీని పిలిచి గుప్పెడు కాయలు కూడా ఇచ్చాడు. మంచి మనిషి.

నాగులమ్మ కూలి పని మానుకుని, కూతురితో పదకొండు రోజులు ఊరి బడి వరండాలో కూర్చుంది. మధ్యాహ్నం ఎండకు ఆదిశేషమ్మ మేకలు అక్కడే పడుకుంటాయి. నాలుగేళ్ళుగా ఆ బడికి హాజరు తప్పనివి అవే.

"ఎవురి కోసరం మే కాచుకోనుండావు?" అంది ఆదిశేషమ్మ.

"పంతులు కోసరం."

ఆదిశేషమ్మ నవ్వలేదు. ఎండదెబ్బ తగిలిందేమోనని మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

జూలై పన్నెండున మళ్ళీ ఉదయగిరి.

"పంతులు రాలేదు సార్."

"రాలేదని ఆయన చేతనే రాయించుకోని రావాల."

"రానాయన ఎట్ల రాస్తాడు సార్?"

"అది మా సెక్షను కాదమ్మా."

నాగులమ్మ అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పరీక్ష పెట్టిందాకా నేను లేచేదిలేదు. పొద్దుగూకినాక మీరు తాళమేసుకోని పోండి. నేనూ నా బిడ్డా లోపలే ఉంటాము."

కార్యాలయం బెదిరిపోయింది. లోపల మనుషులుండగా తాళం వేస్తే నింపడానికి ఫారం లేదు. గోవిందయ్య చెమట తుడుచుకుంటూ బీరువాలోంచి ఒక ఉపనియమం బయటికి తీశాడు. పంతులు సంతకం లేకపోయినా పరీక్ష రాయవచ్చు. అయితే బిడ్డకు సొంత ఊరి బడితో పరిచయం ఉన్నట్టు ఇరవయ్యో ప్రశ్నలో రుజువు కావాలి. అది తప్పితే మొత్తం తప్పినట్టే.

పరీక్ష పెట్టే పని బట్టతల ఆయనదే. తొక్కలు పక్కకు నెట్టి చోటు చేశాడు. షైనీ పందొమ్మిది ప్రశ్నలకు తలెత్తకుండా రాసింది. ఆయన దిద్దుకుంటూ వచ్చి, అన్నీ సరిగ్గా ఉంటే నిజంగానే మురిసిపోయాడు. "బిడ్డను బాగా చదివించినావమ్మా" అన్నాడు. నాలుగేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. నాగులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇరవయ్యో ప్రశ్న: మీ ఊరి బడి ఉపాధ్యాయుని పేరు వ్రాయుము.

షైనీ తల్లి వైపు చూసింది. తల్లికీ తెలియదు. షైనీ కాసేపు ఆలోచించి, తనకు తెలిసిన నిజం గుండ్రటి అక్షరాలతో రాసింది: నాగులమ్మ.

ఆయన చాలా బాధపడుతూ ఎర్ర సిరాతో కొట్టేశాడు. "తప్పు పాపా. వెంగయ్య అని రాయాల."

"వెంగయ్య అంటే ఎవురు సార్?"

"నేనే."

గోడ మీది బోర్డు అడిగిన నిశ్శబ్దం ఆ కార్యాలయంలో మొదటిసారి అమలైంది.

"పదకొండు దినాలు మీ కోసరం బడి కాడ కూర్చున్నాము సార్" అంది నాగులమ్మ.

"నన్నడిగుంటే చెప్పుంటాను గదమ్మా. నేనెక్కడికీ పోలేదు, ఇక్కడే ఉండాను. డిప్యుటేషను మీద వేసినారు. మీ పల్లెల్లో బడికి రాని పిల్లోళ్ళు ఎక్కువైపోయినారంట. వాళ్ళకు పరీక్షలు పెట్టేదానికి ఒకరుండాల గదా."

"అయితే ఆ సంతకం ఇప్పుడు పెట్టండి."

"బడిలో కూర్చోని పెట్టాలమ్మా. ఇక్కడ డ్యూటీ వదిలిపెట్టి ఎట్ల వచ్చేది?"

ఫలితం మాత్రం అక్కడికక్కడే చేతికిచ్చారు. షైనీ దాన్ని తడబడకుండా పైకి చదివింది: "బాలికకు తన ఉపాధ్యాయుడెవరో తెలియనందున, ఆమె ఎక్కడా చదువుకోలేదని నిర్ధారించడమైనది. స్వగ్రామంలోని బడిలో ఒకటో తరగతిలో చేర్చవలెనని సిఫారసు."

కింద ఆ ఊరి బడి ముద్ర, వెంగయ్య సంతకం ఉన్నాయి. (సిఫారసు మీద సంతకం ఎక్కడ కూర్చుని అయినా పెట్టవచ్చు.) నాలుగేళ్ళలో ఆ బడి కోసం ఆయన చేసిన మొదటి పని అదే.