మోటారు బండికి మందు చీటీ

"మందుల షాపులో దొరికే ఏ ద్రవమైనా ఇకమీదట డాక్టరు చీటీ లేనిదే ఎవరికీ పోయరాదు" అని మా జిల్లా వైద్యాధికారి డాక్టర్ ష్నాబెల్ గారు ఊరంతా గంట కొట్టించి చాటించారు. జర్మనీలోని మా బాడెన్ రాజ్యంలో అంతటి ముందుచూపున్న అధికారి ఇంకొకరు లేరు. మందుల షాపు నాదే కాబట్టి ఆ చూపు ముందుగా నా మీద పడింది.

చిక్కల్లా రీగెల్‌తో వచ్చింది. కుట్టుమిషన్లు చేసుకునేవాడు కాస్తా గుర్రం లేకుండా నడిచే బండి చేశాడు. అది తాగే పెట్రోలు నా దగ్గరే దొరుకుతుంది, బట్టల మీద మరకలు తుడిచే మందుగా. శనివారం మంత్రిగారు వచ్చి బండెక్కుతారు. నచ్చితే ఇరవై బండ్లకు ఆర్డరు. లేదంటే కార్ఖానాకు తాళం, పన్నెండు కుటుంబాలు వీధిలో.

"పది సీసాలు పొయ్యవయ్యా," అన్నాడు రీగెల్.

"చీటీ ఏదీ?"

"బండికి చీటీ ఏమిటి, మతి గాని పోయిందా నీకు?"

రోగిని చూడనిదే చీటీ రాయకూడదని డాక్టరుగారు స్వయంగా కార్ఖానాకు నడిచి వచ్చారు. అంత నిగర్వి. ఇంజనుకు చెవి ఆనించి విన్నారు.

"రోగి వయసు?"

"ఎనిమిది నెలలండి."

"దగ్గు ఉందా?"

"బయల్దేరేటప్పుడు దగ్గుతుందండి."

"అనుకున్నాను. రోజుకు మూడు చెంచాలు, భోజనం తర్వాత."

"అయ్యా, దాని భోజనమే అదండి."

"ఆకలి లేదు," అని రాసుకుని, పసిప్రాణం కదా అని మోతాదు రెండు చెంచాలకు తగ్గించారు.

సాయంత్రం రీగెల్ భార్య గెర్లిండె వచ్చింది. "అన్నయ్యగారూ, నా పెళ్ళి గౌను మీద మరక పడింది. ఒక్క సీసా ఇప్పించండి."

"గౌనును డాక్టరుగారికి చూపించమ్మా," అన్నాను. నిజంగానే జాలేసింది. కానీ లైసెన్సు నాది.

శనివారం మంత్రిగారు బండెక్కారు. చెంచాల పుణ్యమా అని అది సంత వీధి మలుపు దాకా వెళ్ళి ఆగింది. డాక్టరుగారు చక్రం మీద చెయ్యి వేసి చూశారు.

"నీరసం. గాలి మార్పు అవసరం. ఎవరైనా పట్టుకుని నడిపించండి."

గెర్లిండె పుట్టింటికి వెళ్ళి ఎద్దుల జతను తోలుకొచ్చి కట్టింది. మంత్రిగారు ఊరంతా తిరిగారు. పొగ లేదు, మోత లేదు. దిగుతూ రీగెల్ భుజం తట్టారు.

"దడదడలాడుతుందని ఎవరో భయపెట్టారయ్యా. ఊయల్లో ఉన్నట్టుంది."

సోమవారం ఆర్డరు వచ్చింది, ఇరవై బండ్లకు. షరతు ఒకటే. నలభై ఎద్దులను కూడా కంపెనీవారే సరఫరా చేయవలెను.